న్యూ స్టార్ట్‌పై సెనేట్ చర్చ: సవరణకూ షరతుకూ తేడా ఎవరైనా చెబుతారా?

అందరికీ నమస్కారం. ఎంఏ రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. సోమవారం సెమినార్‌లో మాట్లాడాలి. ఒక్క చోట ఆగిపోయాను, టెన్షన్‌గా ఉంది.

2010 ఏప్రిల్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ ప్రేగ్‌లో న్యూ స్టార్ట్ అనే అణ్వాయుధ పరిమితి ఒప్పందంపై సంతకాలు చేశారు. ఒక్కో దేశం మోహరించే అణు వార్‌హెడ్లు 1,550 దాటకూడదని అందులో పరిమితి పెట్టారు. డిసెంబర్ 22న అమెరికా సెనేట్ 71-26 ఓట్లతో సమ్మతించింది. ఇంతవరకు అర్థమైంది.

అంతకు నాలుగు రోజుల ముందు, ఒప్పందం పీఠికలోని క్షిపణి రక్షణ ప్రస్తావన తీసేయాలని సెనేటర్ జాన్ మెకెయిన్ సవరణ తెచ్చారు. 37-59తో వీగిపోయింది. ఒప్పందంలో ఒక్క మాట మార్చినా రష్యాతో మళ్లీ చర్చలకు కూర్చోవాలి కదా, అందుకే ఒప్పుకోలేదట. మరి అదే క్షిపణి రక్షణ గురించి సెనేట్ తన ఆమోద తీర్మానంలో (ఒప్పందానికి సమ్మతి తెలిపే పత్రంలో) ఎలా రాయగలిగింది? ఆ తీర్మానం ప్రింటు తీసి ‘షరతు’, ‘అవగాహన’, ‘ప్రకటన’ అన్న మూడు మాటల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. తేడా మాత్రం తేలడం లేదు.

ఇవి రష్యాకు వర్తిస్తాయా, లేక అమెరికా అధ్యక్షుడికేనా? 2011 జనవరిలో రష్యా పార్లమెంటు దిగువ సభ డ్యూమా కూడా తన ఆమోద చట్టంలో తన మాట తాను చేర్చింది. రెండూ పొసగకపోతే ఏది చెల్లుతుంది?

అంతర్జాతీయ న్యాయం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి, ప్లీజ్. ఈ చర్చ నాకు చాలా నచ్చింది, తప్పుగా చెప్పాలని లేదు.