దేవుని కాపుదలను నమ్మడమంటే ఏమిటి? ఆపద వచ్చిన ఇంట్లో ఆ మాట ఎలా చెప్పాలి?

ప్రశ్న (కోనసీమ సోదరి):

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా సంఘంలో డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక వాగ్దాన కార్డులు పంచుతారు. ఈ సంవత్సరం నా చేతికి వచ్చిన కార్డు మీద 121వ కీర్తనలోని "ఏ అపాయమును రాకుండ యెహోవా నిన్ను కాపాడును" అనే మాట ఉంది. మా వారు కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నారు గనుక ఆ కార్డును బీరువా తలుపుకు అంటించి, ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ వచనాన్నే పట్టుకుని ప్రార్థిస్తున్నాను. ఆయన క్షేమంగానే ఉన్నారు. అయితే వేసవిలో మా నాన్నగారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించవలసి వస్తోంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటి ఉంది. ఒక ఆదివారం ఒక సోదరి లేచి, తాము ప్రయాణిస్తున్న కారు బోల్తా పడినా ఎవరికీ చిన్న గాయమైనా కాలేదని, దేవుడు తమను ప్రేమించాడు గనుకనే కాపాడాడని సాక్ష్యం చెప్పారు. ఎదిగిన కొడుకును రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న తల్లి నా పక్కనే కూర్చుని ఉంది. అందరూ "హల్లెలూయ" అంటుంటే ఆమె తల వంచుకుని చీర కొంగును వేలికి చుట్టి విప్పుతూ ఉండిపోయింది. ఆమె కూడా ఉపవాసముండి బిడ్డల కోసం ప్రార్థించే మనిషే. దేవుడు మనలను కాపాడుతున్నాడని నేను అన్నప్పుడు సరిగ్గా దేనిని నమ్ముతున్నాను? ఆ తల్లితో ఏమని మాట్లాడాలి?

జవాబు 1 (సంఘ పెద్ద):

అమ్మా, మీ ప్రశ్న అవిశ్వాసం నుండి పుట్టినది కాదు, కాబట్టి ముందుగా ఆ భయం విడిచిపెట్టండి. 121వ కీర్తన యాత్రకీర్తన. యెరూషలేముకు కాలినడకన వెళ్లే భక్తులు, పగలు ఎండదెబ్బ, రాత్రి చీకటి, కాలు జారే కొండదారి ఎదురుగా ఉండగా పాడుకున్న పాట అది. దారిలో అపాయం లేదని అనుకున్నవాడు తనను కాపాడేవాడు కునుకడని, నిద్రపోడని అంతగా చెప్పుకోనక్కరలేదు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయాన్ని ఒకసారి నిదానంగా చదవండి. హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. ఆ తరువాత పేతురును పట్టుకుని, నాలుగేసి సైనికులున్న నాలుగు జట్లను కావలి పెట్టాడు. సంఘం ప్రార్థించింది, దూత వచ్చాడు, సంకెళ్లు ఊడిపడ్డాయి, పేతురు మరియ ఇంటి తలుపు తట్టాడు. ఒకే ఊరు, ఒకే రాజు, ఇద్దరూ యేసుతో కలిసి తిరిగిన శిష్యులే. ఒకరిని దేవుడు ఎక్కువగా ప్రేమించాడని ఈ గ్రంథం వ్రాసిన లూకా ఎక్కడా వ్రాయలేదు, తేడా ఎందుకు వచ్చిందో వివరించనూ లేదు. పేతురు విడుదలను మనకు చెప్పబోయే ముందు యాకోబు మరణాన్ని మాత్రం దాచకుండా వ్రాశాడు. మన సంఘాలలో సాక్ష్యం చెప్పే పద్ధతి కూడా అలాగే ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. తప్పించబడినవారు స్తుతించాలి, కానీ "ప్రేమించాడు గనుకనే" అన్న మాటను దానికి తగిలించకూడదు, ఎందుకంటే ఆ ఒక్క మాట పక్కన కూర్చున్న తల్లికి దేవుని ప్రేమే లేదని తీర్పు చెబుతుంది.

కాపుదల అంటే దెబ్బ తగలదన్న హామీ కాదు, దెబ్బ తగిలిన వేళ కూడా తండ్రి చేయి విడువడన్న హామీ అని నా నమ్మకం. తండ్రికి తెలియకుండా పిచ్చుక కూడా నేల పడదని ప్రభువు చెప్పినప్పుడు, పిచ్చుకలు పడవని చెప్పలేదు కదా.

జవాబు 2 (డయాలసిస్ నర్సు):

పెద్దలు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, అయితే ఒక మాట. విడుదల కోసం అడగడం మాత్రం మానవద్దు. తాను నిలబెట్టిన ప్రతిమకు మ్రొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానని రాజు బెదిరించినప్పుడు షద్రకు, మేషాకు, అబేద్నెగో తమ దేవుడు రక్షించగలడనీ అన్నారు, రక్షించకపోయినా ఆ ప్రతిమకు మ్రొక్కబోమనీ అన్నారు. రెండవ మాటను మాత్రమే పట్టుకుంటే ప్రార్థన చల్లబడిపోతుంది.

ఇక మీ నాన్నగారి విషయం. "స్వస్థత వచ్చేసింది, ఇక మిషను ఎందుకు" అని ఎవరైనా అంటే దయచేసి వినకండి. అలా మానేసి, పాదాలు ఉబ్బి, ఆయాసపడుతూ వచ్చినవారిని నేను చూశాను. దేవాలయ శిఖరం మీద సాతాను, దూతలు నిన్ను చేతులతో ఎత్తి పట్టుకుంటారన్న 91వ కీర్తన మాటను ఎత్తి దూకమన్నప్పుడు, దేవుని శోధించకూడదని చెప్పి యేసు దూకలేదు. నీళ్లు డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే ఇవ్వండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలను కలిపిన చోటు) వేసిన చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, ఆ చేతి నుండి రక్తం తీయనివ్వకండి. మిషను నడిచే ఆ నాలుగు గంటలూ బీపీ పడిపోకుండా మేము మళ్లీ మళ్లీ చూస్తూ ఉంటాం. ఆ చూపు కూడా దేవుని కాపుదలలో భాగమేనని నమ్మి నేను డ్యూటీ ఎక్కుతాను.

జవాబు 3 (ఒంగోలువాసి):

మా ప్రాంత చరిత్ర ఈ విషయంలో నాకు ఎంతో ధైర్యమిస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చిన అమెరికా మిషనరీ క్లౌ దొర ఇక్కడ కాపురం పెట్టింది 1866లో. తరువాత 1876–78 కరువు వచ్చింది. ప్రార్థించే కుటుంబాలలోనూ ఆకలి చావులు, కలరా చావులు జరిగాయి. పూర్వం సర్వేయరుగా పనిచేసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు పనులు ముగిసేవరకు బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం పండుగలా చెప్పుకుంటాం. నా మనసు మాత్రం ఆ కాలువ గట్టు మీదనే ఆగుతుంది. కొండ మీద ప్రార్థనను విన్న దేవుడు, కరువు రోజుల్లో సాయంత్రం చేతిలో పడే కూలి డబ్బుల రూపంలో కూడా తన ప్రజలను చూసుకున్నాడని నేను నమ్ముతున్నాను.

కోనసీమ సోదరి:

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే శనివారం ఆ తల్లి ఇంట్లో ఆదరణ కూడిక ఉంది. వాక్యం చదవమని నన్ను అడిగారు. 12వ అధ్యాయం చదవాలనిపించింది గానీ, పేతురు విడుదల వినడం ఆమెకు ఇప్పుడే భారమవుతుందేమో. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచిన భాగం చదివితే సరిపోతుందా?

సంఘ పెద్ద:

అదే చదవండమ్మా. చదివాక వివరించాలని తొందరపడకండి. కూడిక ముగిసినవెంటనే లేచి వచ్చేయకుండా, ఆ పూట ఆమె దగ్గరే భోజనం చేసి, కొడుకు గురించి ఆమె చెప్పినంతసేపూ వినండి.