చర్చ: టెన్‌పిన్ బౌలింగ్‌లో 36 అడుగుల నూనె ప్యాటర్న్ మీద యురెథేన్ బాల్‌ని 500 ప్యాడ్‌తో రుద్దాలా, 2000 దాకా నునుపు చేయాలా?

నూనెగీత:
డాలస్ వైపు మా లీగ్‌లో చివరి మూడు వారాలు హౌస్ షాట్ (మామూలు సులువైన నూనె పూత) పక్కనపెట్టి 36 అడుగుల స్పోర్ట్ ప్యాటర్న్ (కష్టమైన పూత) వేస్తున్నారు. నా యురెథేన్ బాల్ పిచ్ బ్లాక్, 15 పౌండ్లు, ఫ్యాక్టరీ నుంచి 1000 నంబర్ రుద్దుడు ప్యాడ్ ఫినిష్‌తో వచ్చింది. ఇప్పటికి 40 గేమ్‌లు అయ్యాయి, ట్రాక్ (లేన్‌ని తాకే పట్టీ) దగ్గర వేలెడు వెడల్పున మెరుపు వచ్చేసింది. కుడిచేయి, మానిటర్ మీద స్పీడ్ గంటకి 16.5 మైళ్లు, రెవ్ రేట్ (నిమిషానికి బాల్ తిరిగే చుట్లు) 300 అటూ ఇటూ. పొట్టి ప్యాటర్న్‌కి 500తో గరుకు చేయమని కొందరు, 2000 దాకా నునుపు చేయమని కొందరు అంటున్నారు. రెండూ సరైనవి కాలేవు కదా. కారణంతో సహా చెప్పండి.

రెవ్స్450:
500. ఆలోచించే పనే లేదు. ప్యాటర్న్ పొడవులోంచి 31 తీసేస్తే బ్రేక్‌పాయింట్, అంటే బాల్ వంపు తిరిగే చోటు, ఏ బోర్డు (లేన్ పలక) మీదో వస్తుంది. 36లోంచి 31 పోతే 5. అంటే బాల్ గట్టర్ పక్కన అయిదో బోర్డు దాకా వెళ్లి తిరిగి రావాలి. స్పోర్ట్ ప్యాటర్న్‌లో మధ్యలోకీ అంచులకీ నూనె నిష్పత్తి 3:1 లోపే ఉంటుంది, హౌస్ షాట్‌లో 8:1, 10:1 కూడా ఉంటుంది. హౌస్ షాట్‌లో రెండు బోర్డులు బయటికి వేసినా పొడి భాగం బాల్‌ని లోపలికి తోసి కాపాడుతుంది. ఇక్కడ ఆ దయ లేదు. చివర్లో ఎగిరి తిరిగే బాల్ అయితే ఒకసారి హెడ్ పిన్‌కి ఎడమవైపు దూరిపోతుంది, ఇంకోసారి అసలు రాదు. గరుకు పెంచితే బాల్ నూనెలో ఉండగానే లేన్‌ని పట్టుకుంటుంది, ఆ ఎగురు పోతుంది, ఒకే వంపుతో వస్తుంది. మనం యురెథేన్ కొనేదే అందుకు. చివర్లో ఎగురు కావాలంటే రియాక్టివ్ బాల్ ఉంది కదా.

పదోపిన్ను:
450 రెవ్స్ ఉన్నవాళ్లకి అది నిజం అన్నా. అడిగినవారికి 300. అక్కడే లెక్క మారుతుంది.

లేన్ 60 అడుగులు, అందులో 36 అడుగులు నూనె. మిగిలిన 24 అడుగులు పొడి. రాపిడికి అక్కడ కొరతే లేదు. ఇక 500తో నూనెలోనే పట్టుకోవడం మొదలుపెడితే, 300 రెవ్స్ బాల్ బ్రేక్‌పాయింట్ దాటగానే తిరుగుడు అంతా ఖర్చుచేసుకుని నేరుగా దొర్లడం మొదలుపెడుతుంది. దొర్లే బాల్ ఇక వంగదు. బాల్ అయిదో బోర్డు నుంచి పాకెట్‌కి, అంటే 1, 3 పిన్నుల మధ్య సందుకి రావాలి, అది 17.5వ బోర్డు. తేడా 12.5 బోర్డులు, బోర్డు అంగుళంపైన కాస్త ఉంటుంది కాబట్టి దాదాపు 13 అంగుళాలు. బ్రేక్‌పాయింట్ 40 అడుగుల దగ్గర అనుకుంటే ఆ 13 అంగుళాలు 20 అడుగుల్లో రావాలి. తిన్నగా గీత గీస్తే కోణం 3 డిగ్రీల పైచిలుకు, అంతే. పిన్నులు బాగా పడాలంటే 5, 6 డిగ్రీలు కావాలి. ఆ మిగతా డిగ్రీలు వంపే ఇవ్వాలి, ఆ వంపుని 500 ముందే తినేస్తుంది.

ఇది తేల్చుకోవడానికి ఆరో పిన్నుని చూడండి. పాకెట్‌లో బాగానే తగిలి 10వ పిన్ను (కుడి చివరిది) నిలబడిందంటే, ఆరో పిన్ను ఏం చేసింది? 10 మెడ చుట్టూ తిరిగి పైనుంచి పోయిందా, లేక గట్టర్‌లో సోలిపోయి పడుకుందా? సోలిపోతే అది ఫ్లాట్ 10, అంటే బాల్ పాకెట్‌కి వచ్చేసరికే అలసిపోయింది. మూడు గేమ్‌ల్లో అలాంటివి నాలుగైదు కనిపిస్తే ఉపరితలం నునుపు చేయాల్సిందే. నా ఓటు 2000కి.

డ్రిల్‌షాప్:
ఇద్దరూ ప్యాడ్ వెనక రాసిన నంబర్ గురించి వాదిస్తున్నారు. ఆ నంబర్ బాల్ మీద ఎన్ని గేమ్‌లు నిలుస్తుందన్నది ఎవరూ అడగడం లేదు.

యురెథేన్ బాల్స్‌లో ఎక్కువవాటికి డిఫరెన్షియల్ (ట్రాక్ ఎంత జరుగుతుందో చెప్పే కొలత) తక్కువ. అమెరికా బౌలింగ్ నియమాల సంస్థ యూఎస్‌బీసీ గరిష్ఠ పరిమితి 0.060, గట్టి రియాక్టివ్‌లు 0.050 దగ్గర ఉంటాయి, యురెథేన్‌లు చాలావరకు దానికంటే బాగా తక్కువ. అందుకే ఫ్లేర్, అంటే చుట్టు చుట్టుకీ ట్రాక్ పక్కకి జరగడం, తక్కువ. రియాక్టివ్ బాల్ మీద నూనె రింగులు విడివిడిగా విసనకర్రలా విచ్చుకుంటాయి, ప్రతి చుట్టులోనూ కొత్త ఉపరితలం లేన్‌ని తాకుతుంది. యురెథేన్ మీద ఆ రింగులన్నీ దాదాపు ఒకదానిమీద ఒకటి పడతాయి. వేసిన ప్రతి బాల్‌కీ ఆ ఒక్క పట్టీయే అరుగుతుంది. నూనెగీత గారు చెప్పిన వేలెడు మెరుపు అదే. ఆయన బాల్ పక్కల 1000, లేన్‌ని తాకేచోట మాత్రం 3000కి దగ్గరగా ఉండొచ్చు. కొత్తగా 500 వేసినా రెండు మూడు గేమ్‌ల్లోనే ట్రాక్ మీద ఆ గరుకు తగ్గిపోతుంది.

కాబట్టి ముందు బాల్‌ని సున్నా నుంచి మొదలుపెట్టండి.

ముందు బాల్ క్లీనర్‌తో తుడవండి. నూనె ఉండగా రుద్దితే ప్యాడ్ జిడ్డు పట్టి జారుతుంది, కోయదు. తర్వాత 500 ఫోమ్ ప్యాడ్, నీళ్లతో తడిపి. స్పిన్నర్ (బాల్‌ని తిప్పే యంత్రం) మీద నాలుగు వైపులూ: గ్రిప్ (వేలి రంధ్రాలు) పైకి, గ్రిప్ కిందికి, ఆ తర్వాత పీఏపీ (బాల్ తిరిగే ఇరుసు కొన) పైకి, దాని ఎదురువైపు పైకి. ఒక్కో వైపు 30 సెకన్లు, గడియారం చూసి. చేతి బరువు తప్ప అదనంగా నొక్కొద్దు. ప్యాడ్‌ని పైనుంచి నడుము దాకా నెమ్మదిగా దించుతూ, మళ్లీ పైకి తెస్తూ ఉండాలి, ఒకేచోట ఆపితే అక్కడ రింగ్ పడుతుంది. ప్రతి వైపుకీ మళ్లీ నీళ్లు చిలకరించండి. ఆరిపోతే అరిగిన ధూళి ఫోమ్‌లో ఇరుక్కుని ఒకచోట గీరుతుంది, ఒకచోట పాలిష్ చేస్తుంది. నాలుగూ అయ్యాక మైక్రోఫైబర్ గుడ్డతో బురద తుడిచి, లైటు కింద తిప్పి చూడండి. ట్రాక్ పట్టీ ఇంకా ఛాయగా కనిపిస్తోందంటే 500 పని పూర్తికాలేదు, మరో రౌండ్ వేయండి. ఆ పట్టీ పూర్తిగా మాయమయ్యాకే 1000కి, కావాలంటే 2000కి వెళ్లండి, అదే నాలుగు వైపులు, అదే 30 సెకన్లు.

ట్రాక్ ఒక్కచోటే చేత్తో రుద్దేసి వదలొద్దు. ఆ పట్టీ ఒక గరుకు, పక్కన ఇంకో గరుకు అయితే మణికట్టు కొంచెం మారిన రోజు బాల్ వేరేలా ప్రవర్తిస్తుంది. తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుచిక్కదు.

ప్యాడ్ వెనక మార్కర్‌తో ఎన్ని బాల్స్ అయ్యాయో గీతలు పెట్టుకోండి. కొత్త 500, పది బాల్స్ రుద్దిన 500 ఒకటి కావు, అరిగినది 1000లా పనిచేస్తుంది. "నేను 500 వేస్తాను" అనే ఇద్దరి బాల్స్ వేర్వేరుగా పోవడానికి సగం కారణం ఇదే.

రెవ్స్450:
డ్రిల్‌షాప్ అన్న మాట నాకే బలం. గరుకు త్వరగా అరిగిపోతుంది కాబట్టే 500తో మొదలుపెట్టాలి. మూడో గేమ్‌కి అదే 1000 అవుతుంది, అప్పటికి లేన్ కూడా మారి దానికి సరిపోతుంది. 2000తో మొదలుపెడితే మూడో గేమ్‌కి అది పాలిష్ బాల్.

పదోపిన్ను:
రెండూ ఒకేసారి అరుగుతాయని మీరే అంటున్నారు. బాల్ నునుపవుతుంటే లేన్ ముందు భాగంలో నూనె కూడా తగ్గుతుంది, అంటే రాపిడి పెరుగుతుంది. అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ మొదటి గేమ్‌లో పోగొట్టుకున్న 10 పిన్నులు మూడో గేమ్‌లో తిరిగి రావు.

సీతాఫలం:
500 కాదు, ఏకంగా 180తో రుద్దితే బాల్ మెత్తబడి ఎక్కువ హుక్ అవుతుందని (వంపు తిరుగుతుందని) ఒకచోట విన్నాను. నిజమేనా?

డ్రిల్‌షాప్:
కాదు. మెత్తదనం వేరు, గరుకుదనం వేరు. మెత్తదనాన్ని డ్యూరోమీటర్ సూదితో కొలుస్తారు. రుద్దినంత మాత్రాన పదార్థం గట్టిదనం మారదు. గరుకుని ఉపరితలం ఎత్తుపల్లాల సగటుగా కొలుస్తారు, దానికి యూఎస్‌బీసీ పరిమితి 50 మైక్రో అంగుళాలు. 180తో అదేపనిగా రుద్దితే ఆ పరిమితి వైపు వెళ్తారు, లాభం మాత్రం ఉండదు.

మెత్తదనానికి అసలు కథ వేరే ఉంది. 1973లో డాన్ మెక్యూన్ ప్లాస్టిక్ బాల్‌ని ద్రావకంలో నానబెట్టి ఆడి ఆ ఏడాది ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం పీబీఏ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ తర్వాతే గట్టిదనానికి కనీస పరిమితి పెట్టారు, డ్యూరోమీటర్ మీద 72 డీ. తర్వాత కొత్తగా తయారయ్యే బాల్స్‌కి దాన్ని 73 డీకి పెంచారు. 2022లో 2016, 2017 తయారీ పర్పుల్ హ్యామర్ యురెథేన్ బాల్స్‌ని యూఎస్‌బీసీ తన జాతీయ టోర్నమెంట్లలో నిషేధించిందీ ఈ గట్టిదనం గొడవతోనే. కాబట్టి అసిటోన్ లాంటివి బాల్ దగ్గరికి రానివ్వొద్దు.

ఇంకో నియమం చాలామందికి తెలియదు. పోటీ మొదలయ్యాక ప్యాడ్ ముట్టుకోకూడదు, పాలిష్ కూడా. క్లీనర్ ద్రవం కూడా కుదరదు, పొడి టవల్ ఒక్కటే. ఏ గరుకు కావాలన్నా ముందే తేల్చుకుని రావాలి.

ఆయిల్‌మెషిన్:
మీరంతా మీ బాల్ గురించే మాట్లాడుతున్నారు. పక్కవాళ్ల సంగతి? యురెథేన్ నూనెని రియాక్టివ్‌లా పీల్చుకోదు. ట్రాక్ ఒకే పట్టీ కాబట్టి ఆ నూనె అంతా అక్కడే మందంగా అంటుకుని, 36 అడుగులు దాటాక పొడి భాగంలో పూసుకుంటూ పోతుంది. ఇదే క్యారీడౌన్. ఒక పెయిర్ (పక్కపక్క లేన్ల జత) మీద ఇద్దరు ముగ్గురు అయిదో బోర్డు దగ్గర యురెథేన్ వేస్తుంటే, రెండో గేమ్‌కి అక్కడ పొడి ఉండాల్సిన అడుగుల్లో జారుడు మొదలవుతుంది. అదే గీతలో రియాక్టివ్ వేసేవాడి బాల్ 40వ అడుగులో తిరగాల్సింది తిరగక 1, 2, 10 పిన్నులు వదిలేస్తుంది, తనే తప్పు వేశాననుకుంటాడు. గరుకు పెంచేకొద్దీ ముందు భాగంలోని నూనె కూడా ఎక్కువ కదులుతుంది. నునుపు యురెథేన్ ఈ విషయంలో పక్కవాళ్లకి కొంత నయం.

రెవ్స్450:
లీగ్ అంటే అందరికీ ఒకే లేన్, అన్నీ ఆమోదించిన బాల్సే. మారిన లేన్‌ని చదవడం కూడా ఆటలో భాగమే. పక్కవాడి కోసం నా బాల్ నునుపు చేయడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆయిల్‌మెషిన్:
మీ ఇష్టాన్ని ఆపమనడం లేదు. నూనెగీత గారికి ఒక లెక్క చెబుతున్నాను. ఆ పెయిర్‌లో ఎంతమంది యురెథేన్ తెస్తున్నారో ప్రాక్టీసులోనే చూసుకోండి. ముగ్గురు ఉంటే మీ బాల్ కూడా ఆ జారుడులోనే పోవాలి, అప్పుడు 500 పనికొస్తుంది. మీరొక్కరే అయితే 2000 చాలు.

సీతాఫలం:
హైదరాబాద్ మాల్స్‌లోని లేన్లకి ఇవి వర్తిస్తాయా? అక్కడ నూనె ఎప్పుడు వేస్తారో తెలియదు, ఫౌల్ లైన్ దాటగానే పొడిగా ఉంటుంది.

పదోపిన్ను:
అక్కడ బ్రేక్‌పాయింట్ లెక్కే లేదు, నూనె ఎక్కడ ఆగుతుందో తెలిస్తే కదా. అంత పొడి మీద 500 యురెథేన్ వేస్తే బాణం గుర్తులు దాటగానే దొర్లడం మొదలవుతుంది. పాలిష్ చేసిన యురెథేన్, లేదా స్పేర్లకి వాడే ప్లాస్టిక్ బాల్‌నే స్పీడ్ పెంచి బయటి బోర్డుల మీద వేయండి. బాల్ మీద నూనె రింగ్ కనిపిస్తోందా లేదా అని ప్రతి బాల్‌కీ చూడండి. రింగే లేకపోతే ఆ లేన్ మీద ఏ గరుకుతోనూ ఉపయోగం లేదు.

నూనెగీత:
అందరికీ థాంక్స్. మా పెయిర్‌లో మామూలుగా నేనొక్కడినే యురెథేన్, ఫ్లాట్ 10లు చాలా ఉన్నాయి. 500తో ట్రాక్ పట్టీ పూర్తిగా తీసేసి 2000 దగ్గర ఆపుతాను. ఇంట్లో స్పిన్నర్ లేదు, చేత్తో కుదురుతుందా?

డ్రిల్‌షాప్:
కుదురుతుంది, ఓపిక కావాలి. బాల్‌ని మందపాటి ప్లాస్టిక్ పైపు ముక్క మీద కూర్చోబెట్టండి, కదలదు. ఉపరితలాన్ని ఎనిమిది భాగాలు అనుకోండి. ఒక్కో భాగంలో అరచేతి వెడల్పు సున్నాలు చుడుతూ 40 చుట్లు, తడి ప్యాడ్‌తో. పక్క భాగం మీదికి రెండు వేళ్ల మేర రావాలి, లేకపోతే మధ్యలో గీత మిగులుతుంది. వేలి రంధ్రాల అంచుల దగ్గర ప్యాడ్ వంగనివ్వకండి, అక్కడ అంచు గుండ్రమైపోతుంది. 500 తర్వాత 1000 దాటేసి నేరుగా 2000కి పోవద్దు. చేత్తో రుద్దేటప్పుడు లోతు గీతలు పోవు, పైన మాత్రం మెరుస్తుంది. అలాంటి బాల్ నూనెలో జారి, పొడి తగలగానే ఒక్కసారిగా పట్టుకుంటుంది. 36 అడుగుల మీద మీకు అదే వద్దు.