పాత మారుతి 800 క్లచ్ ఇంటి దగ్గర మార్చుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?

విశాఖ_800
నాన్నగారి 2004 మోడల్ మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లో రోజూ తిరిగే బండి. ఆర్సీ రెండోసారి రెన్యువల్ చేయించాం. పోయిన వారం సింహాచలం కొండ ఎక్కుతుంటే, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంజను అరుస్తోంది గానీ బండి ముందుకు లాగడం లేదు. మాడు వాసన కూడా వచ్చింది. షెడ్డులో చూపిస్తే క్లచ్ ప్లేటు పోయింది, గేర్ బాక్సు దించాలి, రెండు రోజులు బండి వదిలేసి వెళ్ళమన్నారు.

వదిలేయాలంటేనే నాకు టెన్షన్. రెండేళ్ళ కిందట ఇంకోచోట ఇలాగే వదిలేస్తే, కొత్త ఇంజను మౌంటింగ్ వేశామని డబ్బు తీసుకున్నారు. ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే పాతదే, పగులుతో సహా అలాగే ఉంది.

నా దగ్గర సాకెట్ సెట్టు, ట్రాలీ జాకీ ఉన్నాయి. బ్రేక్ షూలు, క్లచ్ కేబుల్ ఇదివరకు నేనే మార్చుకున్నాను. ఇంటి ముందు సిమెంటు నేల ఉంది. దిగమంటారా?

ఆటోనగర్_మేస్త్రి
బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. వద్దనే చెబుతాను. దానికంటే ముందు, అసలు ప్లేటే పోయిందని తేల్చుకున్నారా?

ప్లేటు అరిగేకొద్దీ కేబుల్ బిగుసుకుపోయి పెడల్‌లో ఖాళీ తగ్గుతుంది. ఖాళీ బొత్తిగా లేకపోతే, మీరు కాలు పెట్టకపోయినా క్లచ్ కొంత తొక్కినట్టే ఉంటుంది. అప్పుడు మంచి ప్లేటు కూడా జారుతుంది. కేబుల్ నట్టు కాస్త వదులు చేసి ఖాళీ ఇచ్చి చూడండి. తర్వాత సమంగా ఉన్న చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి మూడో గేరు వేయండి. కొద్దిగా రేస్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే పట్టుకుంటున్నట్టే. తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారే చేయండి, పదే పదే చేస్తే ఉన్న ప్లేటు మాడిపోతుంది.

వద్దనడానికి కారణం క్లచ్ కాదు, బండి కిందకు దూరడం. సిమెంటు ఇటుకల మీద బండి నిలబెట్టి పని చేసిన మనిషిని కళ్ళారా చూశాను. ఆ ఇటుక పగిలేముందు చప్పుడు కూడా చేయదు. ఆయన బతికారు, కానీ కుడి చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

కరీంనగర్_రాజు
మేస్త్రిగారి మాట నిజం. అయినా నేను చేశాను కాబట్టి చెబుతున్నా తమ్ముడూ. అదే బండి, ఇంటి ముందు. నేను, మా బామ్మర్ది కలిసి శని, ఆదివారాలు కష్టపడ్డాం. ఒక్కడివే అయితే అసలు మొదలుపెట్టకు.

జాకీ లేపడానికే. బండి నిలబడాల్సింది ఇనుప స్టాండ్ల మీద. వాటిని పెట్టాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడు, కదలకపోతేనే కిందకు వెళ్ళు. బ్యాటరీ వైరు తీసి, గేర్ ఆయిల్ దించి, డ్రైవ్ షాఫ్టులు లాగేసేదాకా మాకు పెద్ద కష్టం అనిపించలేదు. గేర్ బాక్సు తీస్తే ఇంజను ఒక పక్క ఆసరా పోతుంది కదా, అడుగున చెక్క పెట్టి ఇంకో జాకీతో ఆపాలి. ఈ సంగతి మాకు ముందే తెలిసి ఉంటే సగం రోజు మిగిలేది.

అసలు పరీక్ష తిరిగి ఎక్కించేటప్పుడు. ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే గేర్ బాక్సు షాఫ్టు అందులోకి దూరదు. మేము కంటి అంచనాతో బిగించేశాం. గంటన్నర సేపు గేర్ బాక్సును గుండెల మీద పెట్టుకుని తోసినా అంగుళం దగ్గర ఆగిపోయింది. అన్నీ విప్పి, ప్లేటును మధ్యలో నిలిపే సెట్టింగ్ షాఫ్టు తెచ్చుకుని పెడితే ఒక్క ఊపులో కూర్చుంది. సగం దూరిన బాక్సును అలాగే వేలాడదీసి టీకి వెళ్ళకండి. బరువంతా ప్లేటు మధ్యభాగం మీద పడి అది వంగుతుంది, తర్వాత క్లచ్ సరిగ్గా వదలదు.

ప్లేటు ఏ ముఖం ఎటు ఉందో తీసేముందే ఫోటో తీసుకో. క్లచ్ ప్లేటును అదిమి పట్టే మూత, అదే ప్రెషర్ ప్లేటు, దాని బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. ఒకటే పూర్తిగా బిగిస్తే మూత వంకరపోతుంది.

డాలస్_తెలుగు
ఇక్కడ లేబరుకు గంటల లెక్కన బిల్లు వేస్తారు. పాత సివిక్‌కు క్లచ్ వేయించాలంటే లేబరే సామాన్ల ఖర్చును మించిపోతుంది, అందుకే స్నేహితుడి గ్యారేజీలో నేనే వేసుకున్నాను. మీకు ఆ లెక్క లేదు. మీ ఊళ్ళో లేబర్ ఎంత అడిగారో, స్టాండ్లు, రెండో జాకీ, సెట్టింగ్ షాఫ్టు కొనడానికి ఎంతవుతుందో పక్కపక్కన రాసి చూడండి. డబ్బు మిగులుతుందని మాత్రం దిగకండి.

విశాఖ_800
డబ్బు కోసం కాదండీ. లోపల ఏం వేశారో నా కళ్ళతో చూడాలి, అంతే.

ఆటోనగర్_మేస్త్రి
అలాగైతే షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చోండి. పాత సామాను ఇవ్వమని ముందే అడగండి. నిజాయితీగా పని చేసేవాడు ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి ఇబ్బంది పడడు. ఒక్కచోట మోసపోయారని అందరినీ ఆ లెక్కలో వేస్తే బాధగా ఉంటుంది బాబూ. ఈ పాత బండ్ల పని నేర్చుకోవడానికి కుర్రాళ్ళు రావడం మానేశారు. మీలాంటి వాళ్ళు కూడా రాకపోతే ఉన్న ఒకరిద్దరు షట్టరు దించేస్తారు.

కరీంనగర్_రాజు
సార్, రోజంతా స్టూలు మీద కూర్చోనిచ్చే షెడ్డు నాకు దొరకలేదు. ఇన్సూరెన్స్ ఒప్పుకోదు, బయట ఉండండి అంటారు. నమ్మకం కావాలంటే తలుపు తెరిచి పెట్టాలి కదా?

ఆటోనగర్_మేస్త్రి
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా దగ్గర తెరిచే ఉంటుంది.

చేసుకునేవాళ్ళు ఇంకో రెండు సంగతులు వినండి. లోపలి నల్లటి దుమ్మును గాలి పెట్టి ఊదకండి, నోటితో అసలే ఊదకండి. పాత ప్లేట్లలో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవరులో కట్టి పారేయండి. రెండోది, ప్లేటు ఒక్కటే మార్చి ప్రెషర్ ప్లేటు, క్లచ్ తొక్కినప్పుడు దాన్ని నెట్టే బేరింగ్ పాతవే ఉంచకండి. మూడు నెలలకు బేరింగ్ కూత పెడితే మళ్ళీ గేర్ బాక్సు దించాల్సిందే. ప్లేటు ఆనుకునే ఇంజను చక్రం, అంటే ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, పగుళ్ళు ఉంటే లేత్ వాళ్ళకు చూపించండి.

విశాఖ_800
కేబుల్ వదులు చేసి చూశాను, మార్పు లేదు. స్టాండ్లు కొన్నాను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైన మా బాబాయి పక్కన ఉంటానన్నారు కాబట్టి నిన్న దించాం.

చూస్తే ప్లేటు అరగలేదు! రివెట్ల పైన ఇంకా మందం ఉంది. కానీ ఒళ్ళంతా జిడ్డు, వేలు పెడితే నల్లగా అంటుకుంటోంది. గేర్ బాక్సు ముందు గంటలాంటి భాగం అడుగున నూనె నిలిచింది. బాబాయి వాసన చూసి, గేర్ ఆయిల్ ఘాటు లేదు, ఇది ఇంజన్ ఆయిలేరా అన్నారు. అంటే క్రాంక్ (ఇంజనులో తిరిగే ప్రధాన షాఫ్టు) వెనక, నూనె బయటికి రాకుండా ఆపే సీలు కారుతోంది. షెడ్డులో ప్లేటు ఒక్కటే మార్చి ఉంటే ఇదే మళ్ళీ అయ్యేది కదా?

ఆటోనగర్_మేస్త్రి
ఆ నూనె చూసి కూడా వదిలేసేవాడు మేస్త్రి కాదు. కానీ మీరు దించారు కాబట్టి తెలిసింది, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు ఫ్లైవీల్ తీయాలి. తీసేముందు దానికీ క్రాంకుకూ కలిపి ఒక గుర్తు పెట్టుకోండి. పాత సీలు ఊడదీసేటప్పుడు స్క్రూ డ్రైవర్ మొన క్రాంకు మీద గీత పెట్టకూడదు, గీత పడితే కొత్త సీలు కూడా కారుతుంది. కొత్తదాని పెదవికి ఇంజన్ ఆయిల్ రాసి, చుట్టూ సమంగా తట్టండి. జిడ్డు పట్టిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయాలని చూడకండి, అది పట్టదు.

సీలు కూర్చున్నాక బిగించేముందు ఫోటో పెట్టండి. నేను చూసి చెప్పేదాకా గేర్ బాక్సు ఎక్కించకండి.