అప్‌డేట్: లేహ్‌లో అమ్మ ఆక్సిజన్ రీడింగ్ 79కి పడిపోయిన సంగతి

విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా విమానంలో లేహ్ చేరిన రాత్రే అమ్మకు తలనొప్పి, ఆయాసం మొదలై, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సిమీటర్ 79 చూపిందని ఇక్కడ అడిగాను. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు.

"ముందు చేతులు వెచ్చబరిచి మళ్లీ చూడండి, రీడింగ్ ఎంత వచ్చినా డాక్టరుకు చూపించండి" అన్న సలహాయే పనికొచ్చింది. అమ్మ వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. వేడినీళ్ల గ్లాసును పది నిమిషాలు పట్టుకున్నాక అదే వేలికి 85 వచ్చింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు పరీక్షించి, ఊపిరితిత్తుల్లో నీరు చేరలేదని, ఇది ఎత్తువల్ల వచ్చిన అస్వస్థతేనని తేల్చారు. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమేనట. కానీ 3,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే కాబట్టి, ఎంత గట్టిగా పీల్చినా రక్తంలోకి చేరేది తగ్గుతుందని, కొన్ని గంటల్లోనే అంత ఎత్తుకు వచ్చినందున శరీరం సర్దుకునే వ్యవధి దొరకలేదని వివరించారు. కొద్ది గంటలు ఆక్సిజన్ పెట్టి, సల్ఫా మందులు పడతాయా అని అడిగిన తర్వాతే శరీరం ఎత్తుకు అలవాటుపడటానికి తోడ్పడే ఎసిటజోలమైడ్ మాత్రలు రాసి, రెండు రోజులు పూర్తి విశ్రాంతి చెప్పారు. మూడో రోజుకు తలనొప్పి పోయింది, రీడింగ్ 89కి చేరింది.

రక్తహీనత అన్న నా అనుమానం తప్పు; హిమోగ్లోబిన్ 12.6 ఉంది. మీటరూ చెడిపోలేదు. ఆక్సిజన్ పెరుగుతుందేమోనని చూపించిన కర్పూరం వాసన అమ్మకు హాయిగా అనిపించిందేగాని, అంకె ఒక్కటీ కదల్లేదు. లేహ్ కంటే ఇంకా ఎత్తున ఉన్న ఖర్దుంగ్ లా కనుమకు ప్రయాణం మాత్రం, అమ్మ ఎంత సణిగినా, రద్దు చేశాం.