అమెరికా జట్టుతో రాత్రి కాల్స్: ఆ వేళను ఇరుపక్షాలూ పంచుకోవాలా, మనమే భరించాలా?

తొలిజాము (హైదరాబాద్):

మా జట్టులో సగం మంది ఇక్కడ, సగం మంది సియాటిల్‌లో ఉన్నారు. రోజువారీ మీటింగ్ వాళ్ళకు ఉదయం 9 గంటలకు, మనకు రాత్రి 9.30కి. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి మన మీటింగ్ రాత్రి 10.30కి జరిగిపోతుంది. మళ్ళీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. అక్కడ గడియారం మారితే ఇక్కడ నిద్ర వేళ మారుతుంది, ఆ సంగతి మనతో ఒక్క మాట అనేవాళ్ళు కూడా ఉండరు.

వాళ్ళకు రాత్రి 8 అయితే మనకు మర్నాడు ఉదయం 8.30, చలికాలంలో 9.30. నెల విడిచి నెల వాళ్ళు రాత్రి 8కి కూర్చుంటే మనం ఉదయం పూట హాయిగా మాట్లాడుకోవచ్చు. ఈ మాట మేనేజరు గారి ముందు పెడితే, "కస్టమర్ అక్కడున్నాడు, సర్దుకుపోవాలి" అన్నారు. జీతం పెంచమనో పని తగ్గించమనో నేను అడగడం లేదు. ఒకే కోడ్ మీద, ఒకే హోదాలో పనిచేసేవాళ్ళలో ఎప్పుడూ ఒక పక్షమే రాత్రిళ్ళు మేల్కొంటుంటే దాన్ని జట్టు అని ఎలా అంటాం? మీ అభిప్రాయాలు చెప్పండి. కాదనేవాళ్ళు కారణంతో సహా చెప్పండి.

డెలివరీ పాతకాపు (హైదరాబాద్):

కాదనేవాణ్ణి నేను, కారణం చెప్తాను. కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీల సమస్యను (వై2కె) సరిచేసే రోజుల్లో మనవాళ్ళకు ఆ పని దక్కింది ధర తక్కువని మాత్రమే కాదు. అక్కడివాళ్ళు నిద్రపోయి లేచేసరికి పని పూర్తిచేసి చేతిలో పెట్టగలిగాం. ఈ వేళల తేడా మన బలం. ఇప్పుడు అదే తేడా గురించి పేచీ పెడితే వాళ్ళకు మెక్సికో ఉంది, అక్కడ తేడా గంటో రెండో. పోలెండ్ ఉంది. మనకు పని ఇవ్వమని ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు.

ఇంకొకటి. అక్కడి ఇంజనీరు పగలంతా కస్టమర్ ఎదురుగా కూర్చుని మాటలు పడతాడు. అతన్ని మళ్ళీ రాత్రి ఎనిమిదికి మన కోసం కూర్చోమనడం న్యాయమా? రాత్రి కాల్ ఉన్నవాళ్ళు మధ్యాహ్నం ఆఫీసుకు వస్తే సరిపోతుంది. నా జట్టులో అడిగినవాళ్ళకు నేనెప్పుడూ కాదనలేదు.

ఫ్రిస్కో తెలుగు (టెక్సాస్):

పాతకాపు గారూ, నేను ఆ అవతలి పక్షంలో ఉన్నవాణ్ణి. డాలస్ పక్కన ఉంటాను. సాయంత్రం పిల్లల్ని ఈతకు తీసుకెళ్ళే వేళకు కాల్ ఉంటే మాకూ కష్టమే, ఒప్పుకుంటాను. కానీ మాకు వారానికి రెండు సాయంత్రాలు పోతాయి, మీకు రోజూ రాత్రి పోతోంది. రెండూ ఒకటి కాదు.

నవంబరు విషయానికి చిన్న ఉపాయం ఉంది. రోజూ వచ్చే మీటింగ్‌ను క్యాలెండరులో ఏ టైమ్‌జోన్‌తో పెడితే ఆ ఊరి గడియారానికే అది కట్టుబడి ఉంటుంది. దాదాపు అందరూ అమెరికా వేళతో పెడతారు, అందుకే శీతాకాలం వచ్చేసరికి జరిగేది మీరు. మేము దాన్ని భారత కాలమానంతో పెట్టాం. హైదరాబాద్‌లో ఎప్పుడూ సాయంత్రం 6.30. మాకు వేసవిలో ఉదయం 8, చలికాలంలో 7. మొదటి వారం కొంత గొణుగుడు వినిపించింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. సియాటిల్‌తో ఇంత సులువు కాదని తెలుసు, అక్కడ తేడా ఇంకో రెండు గంటలు ఎక్కువ.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మా దగ్గర దీనికి గట్టిగా అడ్డుపడింది అమెరికన్లు కాదు, మనవాళ్ళే. "మేము అక్కడున్నప్పుడు రాత్రిళ్ళు కూర్చోలేదా" అన్నారు. తాము పడ్డ కష్టం వెనకవాళ్ళకు తప్పించడానికి మనవాళ్ళకే మనసు రాకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

పరీక్షకురాలు (విశాఖపట్నం):

ఆఫీసులో రాత్రి షిఫ్టు వేస్తే మహిళలకు కంపెనీ వాహనం పంపాలి, భద్రత చూడాలి, చాలా చోట్ల భత్యం ఇస్తారు, హాజరు నమోదవుతుంది. అదే పని ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చేస్తే దాన్ని షిఫ్టు అనరు, "చిన్న కాల్" అంటారు. పదిన్నరకు కెమెరా ఆపి, మ్యూట్‌లో పెట్టి, ఒక చెవిలో ఇయర్‌ఫోను, ఇంకో చేత్తో పాపను జోకొడుతూ బగ్‌ల, అంటే ప్రోగ్రాంలో దొరికిన లోపాల, జాబితా వింటాను. నా వంతు రాగానే మ్యూట్ తీస్తే పాప లేస్తుంది. పాతకాపు గారు అన్నట్టు మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్ళవచ్చు, కానీ పాప బడి మధ్యాహ్నం మొదలవదు కదా.

తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజువారీ పని పరిమితిని 10 గంటలకు పెంచింది, వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పని గంటలు పెరిగాయి. గంటల మీద ఇంత చర్చ జరుగుతున్నా ఈ రాత్రి కాల్స్ ఏ లెక్కలోకీ రావు, ఎందుకంటే వాటిని ఎక్కడా రాయం. పంచుకోవడం తర్వాతి మాట, ముందు ఇది పని అని కాగితం మీద ఒప్పుకోవాలి.

ఆన్‌కాల్ కాపరి (హైదరాబాద్):

పాతకాపు గారి మాటల్లోనే ఆయన వాదనకు జవాబు ఉంది. వాళ్ళు నిద్రపోయి లేచేసరికి పని పూర్తయి ఉండటం మన బలం అన్నారు. నూటికి నూరుపాళ్ళు నిజం. మరి ఆ బలం రావాలంటే వాళ్ళు నిద్రపోయేటప్పుడు మనం పని చేయాలి, మనం నిద్రపోయేటప్పుడు వాళ్ళు చేయాలి. పన్నెండున్నర గంటల తేడా పనిని చేతులు మార్చుకోవడానికి పనికొస్తుంది, రోజూ కలిసి కూర్చోవడానికి కాదు. మనం పగలు పని చేసి, రాత్రి వాళ్ళతో కూర్చుని, ఆ లాభాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాం.

గూగుల్ ఇంజనీర్లు 2016లో వెలువరించిన సైట్ విశ్వసనీయత (సేవలు ఆగకుండా నడపడం) పుస్తకంలో ఆన్‌కాల్ గురించి, అంటే ఏ వేళ సమస్య వచ్చినా స్పందించే వంతు గురించి, ఒక లెక్క ఉంది. జట్టు ఒకే చోట ఉంటే కనీసం 8 మంది కావాలి, రెండు చోట్ల ఉంటే చోటుకు 6 గురు కావాలి. రెండో చోటు పెట్టే ఉద్దేశాల్లో ఒకటి, ఎవరూ రాత్రి షిఫ్టు చేయకుండా చూడటం. మనకు ఆ రెండో చోటు ఉండి కూడా రాత్రి మేల్కొంటున్నాం.

అలసిన మనిషి చేతిలో సర్వర్ ఉంటే ఏమవుతుందో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2017 జనవరి 31న, ఇంజనీర్లు కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు, రాత్రి పదకొండు కావస్తోంది, ఇక ముగిస్తానన్నాడు. అంతలో, అసలు డేటాబేస్‌కు ప్రతిగా నడిచే నకలు సర్వర్ వెనకబడిందని తెలిసి ఉండిపోయాడు. నకలు సర్వర్ మీద చేస్తున్నాననుకుని అసలు సర్వర్ మీద డేటా ఫోల్డరును తుడిచేశాడు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు. అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌లు చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. ఆరు గంటల ముందు చేతితో తీసి ఉంచిన ఒక ప్రతి వల్ల బయటపడ్డారు. అంతటి దెబ్బ తగిలినా వాళ్ళు ఆ మనిషిని బలిపెట్టలేదు. జరిగిందంతా బహిరంగంగా రాసి పెట్టారు, తప్పును పని పద్ధతిలో వెతికారు. ప్రతి జట్టూ చదవాల్సిన నివేదిక అది.

ఇక అసలు రోగం దగ్గరికి వస్తాను. మనకు రాత్రి కాల్ అవసరమయ్యేది రాత తక్కువ కాబట్టి. ఇక్కడి నుంచి సాయంత్రం వెళ్ళే సందేశం ఇలా ఉంటుంది: "పేమెంట్ సమస్య ఉంది, చూడండి." అంతే. అక్కడివాళ్ళు ఉదయం లేచి "ఏ సమస్య?" అని అడుగుతారు. మనం నిద్రలో ఉంటాం. ఒక రోజు పోయింది. ఇంకా ఘోరం "హాయ్" అని ఒక్క మాట పెట్టి జవాబు కోసం కూర్చోవడం. ఈ రోజు పోకుండా చూడటానికే అందరూ రాత్రి కాల్‌లోకి వస్తారు.

అదే సందేశం ఇలా రాస్తే చూడండి: "ఆర్డరు రద్దు చేసినవాళ్ళకు డబ్బు తిరిగి వెళ్ళడం లేదు. నిన్న సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల తర్వాత మొదలైంది, పాత వెర్షన్‌లో ఈ సమస్య లేదు. లాగ్ (సర్వర్ నమోదు చేసిన వివరాలు), పరీక్ష ఫలితం జతచేశాను. విడుదలను వెనక్కి తీసుకోవచ్చు, లేదా మొత్తం సున్నా అయినప్పటి షరతు ఒక్కటి సరిచేయవచ్చు. రెండోది సిద్ధంగా ఉంచాను. మీ రోజు ముగిసేలోగా ఏదో ఒకటి చెప్తే మా ఉదయం పూట విడుదల చేస్తాను. జవాబు రాకపోతే వెనక్కి తీసుకుంటాను." చివరి వాక్యం చాలా ముఖ్యం. ఎదుటివాళ్ళు మాట్లాడకపోయినా పని ఆగదు. ఇది రాయడానికి పావుగంట పడుతుంది, ఎనిమిది మంది కూర్చునే గంటసేపు కాల్ తప్పుతుంది.

కొత్త బ్యాచ్ (హైదరాబాద్):

కాపరి గారూ, నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. కాల్‌లో నా మాట కూడదీసుకునేలోపు చర్చ ముందుకు వెళ్ళిపోతుంది. రాతలో అయితే నిదానంగా ఆలోచించి చెప్పగలను, నా పరిశీలన నా పేరుతో ఉంటుంది. అందుకు మీ పద్ధతి నాకు నచ్చింది.

కానీ రెండు భయాలు. సీనియర్లు ఒక డిజైన్‌ను ఎందుకు కాదంటారో నేను నేర్చుకున్నది కాల్స్ వినే. అవి పోతే మాలాంటివాళ్ళకు ఎవరు చెప్తారు? రెండోది, ఏడాది చివర రేటింగ్ ఇచ్చేటప్పుడు కాల్‌లో గట్టిగా వినిపించిన గొంతే గుర్తుంటుంది.

బెంగళూరు తెలుగు:

పని వేళ దాటాక జవాబివ్వకుండా ఉండే హక్కు కోసం చట్టం ఊసు ఎవరూ ఎత్తలేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి పని వేళలు దాటాక ఫోనూ మెయిలూ పక్కన పెట్టే హక్కు ఉంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26న పెద్ద సంస్థల్లో, మరుసటి ఏడాది చిన్న సంస్థల్లో వచ్చింది, నిరాకరణ అసమంజసమైతే తప్ప జవాబివ్వక్కరలేదు. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి హక్కు కోసం ప్రైవేటు సభ్యుల బిల్లు ప్రవేశపెట్టారు, చట్టం కాలేదు. నా మటుకు నాకు చట్టం కావాలి. ఒంటరి ఇంజనీరు మేనేజరుతో బేరమాడలేడు.

డెలివరీ పాతకాపు:

కాపరి గారి చేతులు మార్చే సందేశం బాగుంది, రేపు నా జట్టుకు చూపిస్తాను. రోజూ కాల్ అక్కరలేదన్నది ఒప్పుకుంటాను, వారానికి రెండు చాలు. అయితే రాతతో అంతా జరుగుతుందంటే ఒప్పుకోను. కస్టమర్ మండిపడుతున్నప్పుడు ఒక మనిషి గొంతు వినిపించాలి. అభిప్రాయ భేదం మూడు సందేశాలు దాటితే ఫోను ఎత్తాలి, లేకపోతే రాతలోనే పంతాలు పెరుగుతాయి. అలాంటివి నేను చాలా సర్దాను.

కొత్త బ్యాచ్ తమ్ముడికి: డిజైన్ చర్చలు మన పగటి వేళ, ఇక్కడి సీనియర్లతో పెట్టించుకోండి. రేటింగ్ గురించి మీరన్నది నిజమే. నాలాంటి మేనేజర్లు రాతను కూడా తెరిచి చదివి మార్కులు వేయాలి.

బెంగళూరు గారితో మాత్రం విభేదిస్తున్నాను. ఆ చట్టం వచ్చిన మర్నాడే కొన్ని ప్రాజెక్టులు తరలిపోతాయి.

తొలిజాము:

ఈ వారం మేనేజరు గారికి రాసి ఇవ్వబోయేది ఇది. రోజువారీ కాల్ బదులు సాయంత్రం చేతులు మార్చే సందేశం. వారానికి రెండు కాల్స్, ఒకటి మన రాత్రి, ఒకటి వాళ్ళ రాత్రి. క్యాలెండరు ఆహ్వానం భారత కాలమానంతో. అత్యవసరమైతే ఆన్‌కాల్ వంతులో ఉన్నవాళ్ళకే ఫోను, జట్టంతటికీ కాదు. మూడు నెలలు ప్రయత్నిద్దాం, విడుదలలు ఆలస్యమైతే పాత పద్ధతికి వెళ్దాం అని కూడా రాస్తున్నాను. పాతకాపు గారూ, మీ ముందుకే ఈ కాగితం వస్తే సంతకం పెడతారా?

డెలివరీ పాతకాపు:

వాళ్ళ రాత్రి కాల్ గురించి సియాటిల్ మేనేజరుతో నేను మాట్లాడాల్సి ఉంటుంది, అది తేలిక కాదు. మిగతా వాటికి పెడతాను.

పరీక్షకురాలు:

ఆ కాగితంలో ఇంకో వాక్యం చేర్చండి తొలిజాము గారూ. రాత్రి 9 దాటాక కూర్చున్న ప్రతి గంటా టైమ్‌షీటులో రాయాలి. వాళ్ళు బేరమాడి మిగతావన్నీ కొట్టేసినా, దీన్ని మాత్రం వదులుకోవద్దు.