లోలకం చివర్లో ఆగిపోతే త్వరణం ఎక్కువ ఎట్లుంటాది? డోలనాల్లో మూడు డౌట్లు

అనంతపురం_ఎంపీసీ:
అన్నలూ, సార్లూ, నమస్తే. ఇంటర్ ఫస్టియర్ నాది. డోలనాలు చాప్టర్ క్లాసులో అయిపోయింది, ఫార్ములాలు అడిగితే గడగడా చెప్తా గానీ లెక్క రోంత తిప్పి ఇచ్చినారంటే యాడ మొదలుపెట్టాలో తెలీదు. ముఖ్యంగా మూడు చోట్ల ఇరుక్కున్నా. ఒకటి, లోలకం చివరికి పోయి ఒక్క క్షణం ఆగుతాది కదా, వేగమే సున్నా అయినప్పుడు త్వరణం కూడా సున్నా కావల్ల, అక్కడే గరిష్ఠం అంటారేంది? రెండు, స్ప్రింగుకు కట్టిన బరువును 5 సెంటీమీటర్లు లాగి వదిలినా 10 లాగి వదిలినా ఒకే టైం పడతాదంట, దూరం డబల్ అయితే టైం పెరగదా? మూడు, ఒక పూర్తి డోలనానికి పట్టే టైం టి అంటారు కదా, మధ్య నుంచి చివరికి పోయేకి టి బై 4 అయితే సగం దూరానికి టి బై 8 రావాల కదా, టెస్టు కీలో టి బై 12 అని ఉంది, కీ తప్పా?

షార్ట్‌కట్_మామ:
మొదటి సగం టి బై 12, రెండో సగం టి బై 6, రెండూ బట్టీ కొట్టెయ్ తమ్ముడూ. ఎంసెట్ అను ఈఏపీసెట్ అను, 160 బిట్లు 3 గంటలు, అక్కడ ఎందుకు ఏమిటి అని కూర్చుంటే అయ్యే పని కాదు.

కడప_లెక్చరర్:
బట్టీ కొడితే ఆ రెండు బిట్లకే పనికొస్తాది, మూడోది రోంత మార్చి ఇస్తే మళ్ళ ఇక్కడికే వస్తాడు పిల్లోడు. చూడు నాయనా, నీ డౌట్లు మూడైనా వేరు ఒకటే. మధ్య నుంచి ఎంత దూరం పోతే అంత గట్టిగా వెనక్కి లాగాల, దూరం డబల్ అయితే లాగుడూ కరెక్టుగా డబల్ కావాల, అంతే. ఎఫ్ ఈక్వల్ టు మైనస్ కె ఎక్స్ అని రాసేది ఇదే, ఎఫ్ అంటే లాగుడు, ఎక్స్ అంటే మధ్య నుంచి దూరం, కె అంటే స్ప్రింగు గట్టితనం, ఆ మైనస్ ఉండేది లాగుడు ఎప్పుడూ మధ్యకే అని చెప్పేకి. ఈ షరతు లేకుంటే ఎంత అటూ ఇటూ పోయొచ్చినా అది సరళ హరాత్మకం, అంటే మన చాప్టర్లో చెప్పే డోలనం, కాదు. గచ్చు మీద రబ్బరు బంతి ఎగిరెగిరి పడతాది చూడు, ఎత్తు తగ్గకుండా అట్లే ఎగురుతాదనుకున్నా అది ఆవర్తన చలనమే (ఒకే టైంకు మళ్ళ మళ్ళ జరిగేది) గానీ సరళ హరాత్మకం మాత్రం కాదు, ఎందుకంటే గాల్లో ఉన్నంతసేపూ దాని మీద బలం ఒకటే, దూరంతో మారేది కాదు. ఈ బిట్టు శానా సార్లు ఇస్తారు.

ఇంక మొదటి డౌటు. త్వరణం వచ్చేది వేగాన్ని చూసి కాదు, బలాన్ని చూసి. చివర్లో దూరం ఎక్కువ కాబట్టి లాగుడు ఎక్కువ, త్వరణమూ ఎక్కువే. నువ్వన్నట్టే అక్కడ వేగమూ సున్నా త్వరణమూ సున్నా అనుకో, ఇంక అది అక్కడే ఉండిపోవాల కదా, వెనక్కి ఎవరు తెస్తారు? పైకి విసిరిన రాయికి కొసన వేగం సున్నా అయినా గురుత్వ త్వరణం 9.8 యాడికీ పోదు, ఇదీ అంతే. మధ్యకు వచ్చేసరికి ఈ లెక్క తిరగబడతాది, లాగుడు సున్నా, వేగం గరిష్ఠం, ఆ ఊపుతోనే అవతలికి దాటిపోతాది.

రెండోది కూడా ఇందులోంచే వచ్చాది. 10 లాగితే దూరం డబల్, నిజమే, కానీ లాగుడూ డబల్ కాబట్టి ప్రతి దశలోనూ వేగం డబల్ ఉంటాది. ఆవర్తన కాలం, అంటే టి, 2 సెకన్లు అనుకుందాం, 5 సెం.మీ. కంపన పరిమితికి (మధ్య నుంచి చివరికి ఉండే దూరం) ఒక డోలనంలో 20 సెం.మీ. తిరగాల, సగటు వడి సెకనుకు 10. పరిమితి 10 చేస్తే 40 తిరగాల, సగటు వడి 20. టైం అదే 2. మూడోది రాత్రికి రాస్తా, క్లాసు టైం అయింది.

ఉరవకొండ_గాలిమర:
సార్ వచ్చేలోగా మూడోది నేను చెప్తా. మా ఉరవకొండ పక్కకు వస్తే గాలిమరలు కనపడతాయి కదా, దాన్ని ఎదురుగా కాకుండా సరిగ్గా పక్క నుంచి, రోంత దూరంగా నిలబడి, రెక్కలు తిరిగే చక్రం అంచు మాత్రమే కనపడేట్టు చూడు. ఒకే రెక్క కొస మీద కన్ను పెట్టు. అది గుండ్రంగా తిరిగేది తెలీదు, పైకీ కిందికీ పోయొచ్చేదే కనపడతాది, అది అచ్చంగా సరళ హరాత్మక చలనమే. ఇప్పుడు ఇరుసు ఎత్తు నుంచి మొదలై రెక్క పొడవులో సగం ఎత్తుకు కొస ఎక్కాలంటే రెక్క ఎంత తిరగాల? సైన్ 30 అంటే సగం కాబట్టి 30 డిగ్రీలు. నిట్టనిలువుగా నిలబడేకి ఇంకా 60 తిరగాల. రెక్క తిరిగేది ఒకే వేగంతో, 360కి టి పడితే 30కి టి బై 12, 60కి టి బై 6. కీ కరెక్టే. టి బై 8 ఎప్పుడొస్తాదంటే దారి పొడుగునా ఒకే వేగంతో పోతే వస్తాది, ఇక్కడ సగం దగ్గరికి చేరినా వేగం గరిష్ఠంలో 87 శాతం దాకా ఉంటాది, అదంతా మిగిలిన సగంలోనే సున్నాకు దిగాల, అందుకే ఆ ముక్క నిదానం.

అనంతపురం_ఎంపీసీ:
అన్నా సూపర్, సైన్ ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. మళ్ళ సగం దూరంలో గతిజ శక్తి స్థితిజ శక్తి సగం సగం ఉంటాయా? ఇంకోటి, లోలకానికి స్ప్రింగే లేదు కదా, అది ఈ లెక్కలోకి ఎట్ల వచ్చింది?

కర్నూలు_పెద్దాయన:
శక్తి సగం సగం ఉండదప్పా. స్థితిజ శక్తి దూరం వర్గంతో పోతాది, సగం దూరంలో అది పావే, మిగతా ముప్పావు గతిజం. రెండూ సమానం అయ్యేది ఏ బై రూట్ 2 దగ్గర, అంటే కంపన పరిమితిలో సుమారు 0.7 దగ్గర.

లోలకాన్ని వెనక్కి లాగేది ఎంజీ సైన్ థీటా, ఎంజీ అంటే గుండు బరువు, థీటా అంటే దారం పక్కకు ఒరిగిన కోణం. నిజం చెప్పాలంటే అది థీటాతో సరిగ్గా సమానంగా పెరగదు, చిన్న కోణాల్లో తేడా తెలీదు కాబట్టి సరిపెట్టుకుంటాం. 10 డిగ్రీలంటే 0.1745 రేడియన్లు, దాని సైన్ 0.1736, ఒకటే అనుకోవచ్చు. 60 డిగ్రీలైతే 1.047, సైన్ 0.866 మాత్రమే, లాగుడు చాలక టైం పెరుగుతాది. ఫార్ములాలో ఉండే టూ పై రూట్ ఎల్ బై జీ (ఎల్ దారం పొడవు, జీ గురుత్వ త్వరణం) కన్నా 10 డిగ్రీలకు 0.2 శాతం ఎక్కువ పడితే 60కి 7 శాతం దాకా ఎక్కువ. మీ పుస్తకంలో చిన్న కోణం అని రాసేది ఊరికే కాదు.

ఇంట్లోనే చేసి చూడు. కిటికీ పై ఊచకు దారం కట్టి తాళం వేలాడదీయి, ముడి నుంచి తాళం మధ్యకు సరిగ్గా మీటరు. కొద్దిగా పక్కకు లాగి వదిలి 20 డోలనాలు లెక్కపెట్టు, 40 సెకన్ల దగ్గర వస్తాది. ఒక్క డోలనం చూసి వాచీ ఆపొద్దు, చెయ్యి ఆలస్యం మొత్తం దాని మీదే పడతాది. లెక్క చివర్లో కాకుండా మధ్యలో దాటేటప్పుడు మొదలుపెట్టు, చివర్లో అది నిదానంగా ఉంటాది కాబట్టి ఎప్పుడు ఆగిందో కన్నుకు తెలీదు, మధ్యలో సర్రున దాటుతాది. కాసేపటికి ఊపు తగ్గుతాది, అప్పుడు మళ్ళ 20 లెక్కపెట్టు, టైం మారదు, నీ రెండో డౌటుకు జవాబు కళ్ళముందే ఉంటాది. తాళం మార్చి పెద్దది కట్టినా మధ్యకు మీటరే ఉంటే అంతే వస్తాది.

1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ఈ టైం మారని గుణాన్ని నమ్ముకునే లోలకం గడియారం చేసినాడు. మా కర్నూలు ఎండలకు అవి వెనకబడతాయి, ఇత్తడి కడ్డీ అయితే 20 డిగ్రీలు వేడి పెరిగినందుకు సాగి రోజుకు సుమారు 16 సెకన్లు స్లో అవుతాది. ఇంట్లో పాతది ఉంటే వేసవిలో గుండును రోంత పైకి తిప్పాల.

షార్ట్‌కట్_మామ:
అయితే నాదీ ఒక బిట్టు. లోలకం, స్ప్రింగుకు వేలాడే బరువు, రెండూ చంద్రుడి మీదికి తీసుకుపోతే ఏది మారుతాది?

కడప_లెక్చరర్:
మంచి బిట్టు. లోలకం మారుతాది, అక్కడ జీ ఆరో వంతు కాబట్టి టైం రూట్ 6 రెట్లు, అంటే దాదాపు 2.45 రెట్లు. స్ప్రింగుది టూ పై రూట్ ఎం బై కె, ఎం అంటే కట్టిన ద్రవ్యరాశి, అందులో జీ లేనే లేదు. యాడైనా బరువు లాగుడు వల్ల విరామ స్థానం (ఊగకుండా నిలబడే చోటు) రోంత కిందికి జరుగుతాది, ఊగేది మాత్రం అదే టైంకు ఊగుతాది. ఒకటి చూసుకోండి, బరువు తగిలించగానే స్ప్రింగు ఎంత సాగిందో తెలిస్తే కె తెలియకున్నా లెక్క చేయొచ్చు, టూ పై రూట్ సాగుడు బై జీ, 10 సెం.మీ. సాగితే 0.63 సెకన్లు వస్తాది. ఇందులో జీ కనపడింది కదా అని చంద్రుడి మీద మారుతాదని టిక్కు పెట్టొద్దు, అక్కడ సాగుడు కూడా ఆరో వంతే, రెండూ కొట్టేసుకుంటాయి.