అప్‌డేట్: నిద్రమాత్రకు బీమా తిరస్కరణ – అప్పీలులో నిర్ణయం మారింది

నడిరాత్రి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టని నాకు డాక్టరు రాసిన నిద్రమాత్ర సువోరెక్సాంట్‌కు బీమా సంస్థ డబ్బు చెల్లించనన్నదని, ఏం చేయాలో చెప్పమని ఇదివరకు అడిగాను. నిన్న అప్పీలు మాకు అనుకూలంగా వచ్చింది.

తిరస్కరణ లేఖలో చూపిన కారణం ఒక్కటే: అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాల్లో ఈ మందుకు ఉన్నది ‘బలహీన’ సిఫారసు కనుక ముందు ట్రాజొడోన్ (నిద్రకు కూడా రాసే డిప్రెషన్ మందు) వాడి చూడాలి. మీలో కొందరు సలహా ఇచ్చినట్టు ఆ పత్రాన్ని సాంతం చదివాను. నిద్రమాత్రల గురించి అందులో చేసిన సిఫారసులన్నీ బలహీనమైనవే. ఆ మాటకు అర్థం మందు పనిచేయదని కాదు. ఫలితంపై నిశ్చయం తక్కువగా ఉన్నందువల్ల, రోగి పరిస్థితిని, ఇష్టాయిష్టాలను బట్టి డాక్టరే నిర్ణయించాలని. పైగా, నిద్రలేమికి ట్రాజొడోన్ వాడవద్దని సూచించింది కూడా అదే పత్రం! వైద్యుడి విచక్షణకు తోడుగా రాసిన మాటను తిరస్కరణకు ఆధారంగా వాడటం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

డాక్టరు తన లేఖలో ఆ రెండు సిఫారసులను పక్కపక్కన ఉంచి, నేను కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (మందుల్లేకుండా ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) ముందే పూర్తి చేశానని రాసి, నా నిద్ర డైరీని (పేజీ పేజీలోనూ ‘3.10కి మెలకువ’) జతచేశారు. అనుమతి 6 నెలలకే ఇచ్చారు కనుక, డైరీ రాయడం ఆపలేదు.